మాస్టారు చెప్పిన మద్రాసు హాలు

బరంపురంలో మన బడి వార్షికోత్సవమంటే బల్లలు జోడిస్తే వేదిక, రెండు దుప్పట్లు వేలాడదీస్తే తెర. ఏ ఇంటి దుప్పటో దాని మడతలూ సిరా మరకలూ చూసి చెప్పేయవచ్చు. మేం పద్యం మధ్యలో తడబడితే తెలుగు మాస్టారు హార్మోనియం ఆపి, “ఒరే, మన నాటకం చూసే తమిళులు నాటక సభలు పెట్టుకున్నారు. కాస్త నిలబెట్టండిరా!” అనేవారు.

మాస్టారికి అతిశయోక్తులు కొత్త కాదు గాని, ఇందులో చాలా నిజముంది. 1891లో నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటక సంఘం సరసవినోదినీ సభ బళ్లారి నుంచి మద్రాసు వెళ్లి విక్టోరియా పబ్లిక్ హాలులో తెలుగు నాటకాలాడింది. అవి చూసి ముచ్చటపడ్డ పద్దెనిమిదేళ్ల పమ్మల్ సంబంధ మొదలియారు ఆ ఏడే సుగుణ విలాస సభ స్థాపించారు. తర్వాత ఆ సభ నాటకాలకూ ఆ హాలే నెలవైంది.

పేరు రాణిదే అయినా, 1883లో దానికి శంకుస్థాపన చేసింది మన పొరుగు విజయనగరం మహారాజు ఆనంద గజపతి. నమూనా వాస్తుశిల్పి చిషోమ్‌ది, కట్టినది నంపెరుమాళ్ చెట్టి. మన బరంపురమున్న గంజాం జిల్లా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. ఒరిస్సాలో కలిసింది 1936 ఏప్రిల్ 1న. కోర్టు పనులకు వెళ్లిన మన తాతలు సెంట్రల్ స్టేషన్లో దిగితే ఆ ఎర్ర ఇటుక గోడలు, తిరువాన్కూరు తరహా గోపురం కప్పు కంటబడకుండా ఉండవు.

అక్కడ నాటకాలతో పాటు ఉపన్యాసాలూ సాగాయి. 1897లో వివేకానందుడు అక్కడే మాట్లాడారు. మద్రాసులో తొలినాటి సినిమా ప్రదర్శనలూ అక్కడే. సినిమా రుచి మరిగిన జనానికి నాటకం పాతబడింది, హాలూ పాతబడింది. తర్వాత ఏళ్ల తరబడి తాళం, పక్కన మెట్రో తవ్వకాలు. చివరికి నగరపాలక సంస్థ మరమ్మతులకు పూనుకుంది.

మరమ్మతు మంచిదే. అయితే టిక్కెట్టు కొని గోడలు చూసి రావడానికే అయితే నాకు తృప్తి లేదు. అది నాటకాలాడిన హాలు. అక్కడ గొంతులు వినబడాలి. చెన్నైలో స్థిరపడ్డ మనవాళ్లెవరైనా ఆ వేదికను సభలకు ఇస్తారేమో కనుక్కోండి. రాయబారం పద్యాలు నాకింకా నోటికే ఉన్నాయి. కృష్ణుడి వేషానికి మాత్రం పోటీ తప్పదు.