మతం తీసేస్తే గొడవలు పోతాయా?

అసలు మతం అనేదే లేకపోతే జనం హాయిగా బతికేస్తారు అని మావాళ్లలో చదువుకున్న బ్యాచ్ ఒకటే అంటుంటారండి. 2022 మే 24న అమలాపురం చూశాక నాకు ఆ మాట మీద నమ్మకం పోయింది. కొత్త కోనసీమ జిల్లా పేరుకి ముందు అంబేద్కర్ పేరు చేరుస్తామన్నారు, దానికి మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టేశారు, బస్సులు కాల్చేశారు, నెట్ ఆపేస్తే వర్క్ ఫ్రం హోమ్ కుర్రాళ్లు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్టెక్కారు. ఇందులో దేవుడి ప్రస్తావనే లేదు, మొత్తం కులమే. పోనీ పేరు మారితే ఎవరికైనా నష్టమా అంటే ఎవరి దింపులోనూ ఒక్క కొబ్బరికాయ తగ్గదు.

హెన్రీ టాజ్‌ఫెల్ అని ఒక సైకాలజిస్టు ఉండేవాడు, పోలండ్ యూదుడు, యుద్ధంలో జర్మన్లకి ఖైదీగా చిక్కి బయటపడి వచ్చేసరికి అయినవాళ్లు దాదాపు ఎవరూ మిగల్లేదు. ఆయన 1970లో అచ్చయిన ఒక ప్రయోగంలో బ్రిస్టల్ స్కూలు కుర్రాళ్లకి బొమ్మలు చూపించి నీకు నచ్చింది ఈ పెయింటర్, నీకు ఆ పెయింటర్ అని ఊరికే రెండు గుంపులు చేసి (నిజానికి లాటరీయే), వేరేవాళ్లకి డబ్బులు పంచమన్నాడు. ఎవరికి ఇస్తున్నారో తెలీదు, ఏ గుంపో మాత్రమే తెలుసు. ఆ పిల్లలు ఏం చేశారంటే మనవాళ్లకి కాస్త తగ్గినా పర్లేదు, అవతలోళ్లకి ఇంకా తగ్గాలి అనే లెక్కలోకి పోయారు. అదీ సంగతి.

మా సెంటర్లో ఒకసారి హీరో బర్త్‌డే ఫ్లెక్సీ రాత్రికి రాత్రి చిరిగింది. గాలికా, ఎవడైనా కోశాడా తెలీదు. తెల్లారి టీ కొట్టు దగ్గర ఒకడు ఆ అంచు వేలితో తడిమి చూసి బ్లేడేరా అని తేల్చేశాడు, పది నిమిషాల్లో ఆ హీరో కులమోళ్లు ఇటు, ఈ హీరో కులమోళ్లు అటు.

అలాగని మతానికి క్లీన్ చిట్ ఇవ్వట్లేదు, రెడీమేడ్ గుంపు, మైకుతో సహా వస్తుంది. కానీ మా వైపు చర్చికెళ్లేవాళ్లని చూడండి, మతం మారారు, పేట మారిందా? 1950 ఉత్తర్వు వల్ల క్రైస్తవులంటే ఎస్సీ హోదా ఉండదు కాబట్టి సర్టిఫికెట్లో హిందూ అనే ఉంచుకుంటారు చాలామంది, అది మళ్లీ ఇంకో గొడవ.

అమలాపురం గొడవ జరిగిన 2022లోనే, జులైలో గోదావరికి వరదొచ్చి ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. పడవెక్కేటప్పుడు కులం ఎవరూ అడగలేదు అని అందరూ మురిసిపోయారు, నిజమే. నీళ్లు తీశాక పరిహారం లిస్టు వచ్చింది, మీ పేటోళ్లకే ముందు రాశారని వీళ్లు, మీ వీధోళ్లకే ఎక్కువ రాశారని వాళ్లు. ఆ లిస్టు ఎవడూ చూడలేదండి, ఎవడి ఊహ వాడిది. ముందే పంచాయతీ గోడకి అతికించేస్తే సగం అరుపులు ఉండేవి కాదని నాకనిపిస్తుంది, మిగతా సగం మాత్రం చూసి కూడా అరిచేవాళ్లే.