11 నుంచి 4 దాకా ఇంట్లో ఎవరుండగలరు?

ఒంగోల్లో మే నెల ఎలా ఉంటుందో ఇక్కడి వాళ్ళకు చెప్పక్కర్లేదు. పొద్దున తొమ్మిదికే మేడ మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. కొత్తపట్నం సముద్రం పట్టుమని ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు, మామూలు రోజుల్లో మధ్యాహ్నం దాటాక అటు నుంచి గాలి తిరిగి కాస్త ప్రాణం లేచొస్తుంది. పడమర గాలి బలంగా ఉన్న రోజు మాత్రం అది ఆ సముద్రపు గాలిని ఊళ్ళోకి రానివ్వదు, పొద్దుగూకే దాకా వడగాడ్పే. పోనీ సముద్రపు గాలి వచ్చిందా, ఉక్కపోత. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. కావలి, నెల్లూరు వాళ్ళకు ఈ సంగతి మాకన్నా బాగా తెలుసు.

ఇప్పుడు ఫోన్లకు ముందే హెచ్చరిక వస్తోంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ రేపు ఏయే మండలాల్లో వడగాడ్పులు, ఎక్కడ తీవ్రమో పేర్లతో సహా చెబుతోంది. మంచి పని, కాదనను. ఆ హెచ్చరికల వెంట ఎప్పుడూ ఉండే సలహా ఒకటుంది: మిట్టమధ్యాహ్నం, 11 నుంచి 4 దాకా, బయటకు రావద్దు. చదివి నేను కిటికీ తెరలు వేసుకుంటాను. మా ఎదురుగా మూడో అంతస్తు స్లాబ్ వేస్తున్న వాళ్ళు కూడా మనుషులే కదా, వాళ్ళు ఎక్కడికి పోవాలి? పన్నెండున్నరకు నెత్తిన కంకర తట్టతో ఆడవాళ్ళు నిచ్చెన ఎక్కుతుంటారు. చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ క్వారీల్లో నల్లరాయి ఎండకు కాలి, పై నుంచి ఒక వేడి, కింద నుంచి ఒక వేడి. ఎక్కడో పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఆ గుంతల్లో పనిచేస్తారు. మధ్యాహ్నం రెండింటికి మనం బిర్యానీ ఆర్డర్ పెడితే తెచ్చేవాడికి పదకొండు లేదు, నాలుగు లేదు.

2015 మే నెలాఖర్లో ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. మరణాలు ఎక్కువగా నమోదైన జిల్లాల్లో మన ప్రకాశం ఒకటి. వాళ్ళలో ఎక్కువ మంది కూలీలు, ముసలివాళ్ళు, గొడ్లూ జీవాలూ కాసుకునేవాళ్ళు. ఆ సలహా వినక పోయారని అంటే నేనొప్పుకోను. వినే వీలు లేక పోయారు.

ఆడకూలీల సంగతి ఇంకా దారుణం, దీని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి వివరంగానే రాస్తాను. నీళ్ళు బాగా తాగండి అని అందరం చెబుతాం. కట్టుబడి పనిలో, పొగాకు గ్రేడింగ్‌లో చేసే ఆడవాళ్ళు కొందరిని అడిగాను, పనిలో ఉన్నంతసేపూ కావాలనే నీళ్ళు తక్కువ తాగుతామన్నారు. ఎందుకంటే వెళ్ళడానికి చోటు లేదు. బిల్డింగ్ పూర్తయ్యాక ఫ్లాటుకు మూడు బాత్రూములు ఉంటాయి, కట్టేటప్పుడు కట్టేవాళ్ళకు ఒక్కటి కూడా ఉండదు. దాంతో ఒంట్లో నీళ్ళు తగ్గి, మూత్రంలో మంట, నడుం నొప్పి, జ్వరం. "నీళ్ళు తాగితే బాధ, తాగకపోతే బాధ అక్కా, ఏం చెయ్యమంటావు" అంది ఒకామె. ఆమె రేకుల ఇంట్లో ఉంటుంది. పగలంతా ఎండ తాగిన రేకు, సిమెంటు గోడ రాత్రి ఆ వేడినంతా లోపలికే వదులుతాయి. మగవాళ్ళు మంచం తెచ్చి వీధిలో వేసుకుంటారు. ఆడపిల్లలున్న ఇల్లు, ఆమె బయట పడుకోలేదు. కరెంటు పోతే ఆ ఫ్యానూ లేదు. పగలు కాలిన ఒంటికి రాత్రయినా తెరిపి దొరకకపోతే మర్నాటి ఎండను అది తట్టుకోలేదు.

ఇక మా అపార్ట్‌మెంట్ గురించి చెప్పాలి, చెప్పకుండా ఊరి గురించి రాస్తే న్యాయం కాదు. ఇరవై ఇళ్ళు, దాదాపు అన్నింటికీ ఏసీలు. ఏసీ లోపలి వేడిని తీసి బయట పారేస్తుంది, ఆ బయట అంటే వెనక సందు, ఆ సందులో ఉన్నవి రేకుల ఇళ్ళు. కింద సెల్లార్‌లో వాచ్‌మెన్ కుటుంబం, మోటారు పక్కన ఒక గది, దానికి కిటికీ లేదు. లిఫ్ట్ దగ్గర ఒక కాగితం అంటించి ఉంది, పనివాళ్ళు, డెలివరీ వాళ్ళు మెట్లు వాడాలని. నాలుగిళ్ళలో అంట్లు తోమే ఆమె ఈ ఎండల్లో ఐదంతస్తులు ఎక్కి దిగుతుంది. కారణం అడిగితే లిఫ్ట్ రిపేరు అన్నారు. ఆమె ఒక్కతే ఎక్కితే లిఫ్ట్ పాడవుతుందా? కారణం అది కాదని అడిగిన నాకూ తెలుసు, చెప్పిన వాళ్ళకూ తెలుసు.

నీళ్ళ విషయంలోనూ అంతే. ఒకప్పుడు టీ కొట్టులో రెండు గ్లాసులు ఉండేవి, వాళ్ళకొకటి వీళ్ళకొకటి. ఇప్పుడు అందరికీ పేపర్ గ్లాసులు కాబట్టి ఆ పద్ధతి పోయిందంటారు. చాలా ఇళ్ళలో మాత్రం పనిమనిషి దాహమంటే ఫ్రిజ్‌లో సీసా తియ్యరు, పాత ప్లాస్టిక్ సీసా ఒకటి విడిగా ఉంటుంది, దాన్ని ఇంకెవరూ ముట్టరు. శుభ్రత అని పేరు పెడతారు. నేను దాన్ని కులం అనే అంటాను.

ఇది మన జిల్లాలో రాయడం నాకు కష్టంగానే ఉంది. కారంచేడు ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది గానీ 1985 జులైలో ప్రకాశంలోనే ఉంది. మాదిగపల్లె వాళ్ళు మంచినీళ్ళు తెచ్చుకునే చెరువు దగ్గర నీళ్ళు పాడుచేయొద్దని అడిగినందుకు మొదలైన గొడవ, మర్నాడు ఆ పల్లెవాళ్ళలో ఆరుగురిని చంపేదాకా పోయింది. నాలుగేళ్ళకు, 1989లో, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. వాళ్ళు వాడుకునే నీటిని పాడుచేయడం కూడా నేరమని అందులో రాసుంది. అంత రక్తం పోయిన చోట ఇంకా విడి సీసాలేమిటి?

నీడ కూడా చట్టంతోనే రావాలని నా అభిప్రాయం. మన నెల్లూరు, కడప వైపు నుంచి ఎంతోమంది కువైట్ వెళ్తారు. అక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని చేయించకూడదు, అది ప్రభుత్వ ఉత్తర్వు. అక్కడ కూలీలకు అన్నీ బాగున్నాయని చెప్పడం లేదు, ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళ కష్టాలు అందరికీ తెలిసినవే. అయినా మనకు సలహాగా వచ్చే ఆ గంటలే అక్కడ నిబంధన అయ్యాయి. అంత దూరం ఎందుకు, కేరళ కార్మిక శాఖ ఎండాకాలం వచ్చిందంటే మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో పని ఆపమని ఉత్తర్వులు ఇస్తోంది. మన దగ్గరా ఉపాధి హామీ పనులకు ఎండాకాలం జనం తెల్లారకముందే బయల్దేరి ఎండ ముదరకముందే ఇల్లు చేరుతున్నారు. అంటే వేళలు మార్చుకుంటే పనులు ఆగిపోవు.

పని ఆపితే కూలి పోతుంది కదా అని కూలీలే భయపడతారు, ఆ భయం నిజం. అందుకే ఆపిన గంటలకు కూలి తగ్గించకూడదని అదే ఉత్తర్వులో ఉండాలి. నీడకు ఒక పందిరి, తాగడానికి నీళ్ళు, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేనిదే బిల్డింగ్ ప్లాన్‌కు అనుమతి ఇవ్వకూడదు. ఈ సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోట ఇదే రాసి ఇస్తున్నాను, సంతకం పెట్టేవాళ్ళు ఉంటే కింద చెప్పండి. మా అసోసియేషన్‌కు వేరే కాగితం రాశాను: లిఫ్ట్ దగ్గర నోటీసు తీసేయాలి, వాచ్‌మెన్ గదికి గోడ కొట్టి కిటికీ పెట్టాలి, ఖర్చు మెయింటెనెన్స్ డబ్బుల్లోంచి. ఇరవై ఇళ్ళలో ఇప్పటికి ఆరిళ్ళ వాళ్ళు సంతకం చేశారు.