చిప్ ఫార్వర్డ్ మళ్లీ వచ్చింది

"ఒబామాకేర్‌లో అందరి చేతికీ చిప్ పెట్టాలని ఉంది సిస్టర్, సెక్షన్ 2521 చూడండి." పొద్దున్నే మన నర్సుల గ్రూపులో మళ్లీ అదే. ఒబామాకేర్ అంటే ఒబామా హయాంలో వచ్చిన అమెరికా ఆరోగ్య బీమా చట్టం. కింద బైబిల్లోని ప్రకటన గ్రంథం 13:16-17, కుడిచేతి మీదో నొసటి మీదో మృగం ముద్ర వేస్తారన్న మాట. ఆ ముద్రే ఈ చిప్ అని వాళ్ల భయం.

సెక్షన్ నంబరు నిజమే, అందుకే నమ్ముతారు. కానీ అది 2009 నాటి హెచ్.ఆర్. 3200 (అమెరికా దిగువ సభ బిల్లు నంబరు) అనే బిల్లులోది. అది చట్టం కాలేదు. 2010 మార్చి 23న ఒబామా సంతకం చేసింది హెచ్.ఆర్. 3590 మీద. అదే పబ్లిక్ లా 111-148. ఆ సెక్షన్ ఇందులో లేదు.

పోనీ, పాత బిల్లులోనైనా ఏముంది? పేస్‌మేకర్ లాంటి పరికరాలు పేషెంట్లలో ఎలా పనిచేస్తున్నాయో గమనించడానికి ఒక రిజిస్ట్రీ, అంటే వివరాలు నమోదు చేసే పట్టిక. ఎవరికైనా ఏదైనా అమర్చమని లేదు. "ఇంప్లాంటబుల్" అన్న ముక్క ఒక్కటే కత్తిరించి తిప్పుతున్నారు.

చూసుకోవాలంటే అమెరికా చట్టసభ సైటు కాంగ్రెస్ డాట్ గవ్‌లో బిల్లు నంబరు కొట్టండి. ముందు స్టేటస్: "బికేమ్ లా" (చట్టమైంది) అని ఉందా? లేకపోతే లోపల ఏం రాసినా అమల్లో లేనట్టే. ఉంటేనే సెక్షన్ తెరవండి. అన్నట్టు, చట్టంలో "చిప్" అని వెతికితే బోలెడు చోట్ల దొరుకుతుంది, కంగారు పడకండి. అది పిల్లల ఆరోగ్య బీమా పథకం పేరు!

పేషెంటు ఈ భయంతో పేస్‌మేకర్ వద్దంటే వాక్యం మీద వాదనకు దిగొద్దు, నవ్వొద్దు. ఏం విన్నారో పూర్తిగా చెప్పనివ్వండి. పరికరం ఎందుకో, ఏం రికార్డు చేస్తుందో డాక్టరుతో మళ్లీ చెప్పించండి. సమ్మతి లేకుండా ఏదీ పెట్టరని చెప్పండి. పాస్టరుగారితో మాట్లాడతానంటే, ఫోన్ అందివ్వండి.