కీమో రోజుల్లో ఇంటి వ్యాయామం

కీమో తీసుకుంటున్న మనిషిని కదలనివ్వకూడదని పరామర్శకు వచ్చిన ప్రతివారూ చెప్పి వెళ్తారు. మా అక్క అండాశయ క్యాన్సర్‌కు చికిత్స పొందిన కాలమంతా ఆ సలహాకు మా ఇంట్లో కొరత లేదు. ఆమెను చూసిన క్యాన్సర్ వైద్యురాలూ, ఫిజియోథెరపిస్టూ మాత్రం ఇద్దరూ దానికి భిన్నంగానే చెప్పారు. కీమో తెచ్చే నీరసం పని చేసి అలసిపోతే వచ్చేది కాదు కాబట్టి ఎంత పడుకున్నా తీరదు. పైగా మంచం మీద గడిపేకొద్దీ కండ తగ్గి, ఆ నీరసం ఇంకా పెరుగుతుంది. నయం చేసే ఉద్దేశంతో చికిత్స పొందుతున్నవారికి నడక వంటి వ్యాయామాన్నీ, కండబలాన్ని పెంచే వ్యాయామాన్నీ వైద్యులే సూచించాలని అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది.

వారానికి మూడుసార్లు అరగంట చొప్పున నడక, రెండుసార్లు కండబలం వ్యాయామాలు అన్నది క్యాన్సర్ రోగుల విషయంలో సాధారణంగా చెప్పే లెక్క. నా ఉద్దేశంలో కీమో నడుస్తుండగా వారాన్ని కొలతగా పెట్టుకుంటే ఆ పట్టిక నిలవదు. అండాశయ, గర్భాశయ క్యాన్సర్లకు తరచుగా ఇచ్చే కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ మందులను ఎక్కువగా 21 రోజులకొకసారి ఎక్కిస్తారు కాబట్టి, వ్యాయామానికీ ఆ 21 రోజులే కొలత కావాలి. మందుతో పాటు ఇచ్చే స్టెరాయిడ్ వల్ల మొదటి ఒకటి రెండు రోజులు మనిషి హుషారుగానే కనిపించవచ్చు. ఆ తరువాత ఒళ్లునొప్పులు, నీరసం కమ్ముకున్నప్పుడు గది నుంచి వరండా దాకా నాలుగైదు నిమిషాల నడకను రోజులో కొన్నిసార్లు చేస్తే చాలు. రెండో వారం ప్రాంతంలో తెల్ల రక్తకణాలు బాగా తగ్గి, ఇన్‌ఫెక్షన్లు తేలిగ్గా సోకుతాయి కనుక జనం మధ్యకు పోకుండా ఇంట్లోనే నడవాలి. మూడో వారంలో ఓపిక తిరిగి వచ్చినప్పుడు, మాట్లాడగలుగుతూ పాట మాత్రం పాడలేనంత వేగంతో నడకను పెంచుకోవచ్చు.

ఒక్క వ్యాయామమే చేయగలిగిన రోజున నేను కుర్చీలోంచి లేచి కూర్చోవడాన్నే ఎంచుకోమంటాను. చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి, పాదాలను నేల మీద పూర్తిగా మోపి, ముందుకు వంగి, ఊపిరి వదులుతూ లేవాలి. కూర్చునేటప్పుడు కూలబడకుండా నెమ్మదిగా దిగాలి, ఎందుకంటే తొడ కండరాలకు ఆ దిగడంలోనూ మంచి పని పడుతుంది. మొదట్లో అక్క రెండు చేతులతో కుర్చీని గట్టిగా నొక్కితే తప్ప లేవలేకపోయేది. పాక్లిటాక్సెల్ వల్ల అరికాళ్లు మొద్దుబారి, కాలి చెప్పు జారిపోయినా ఆమెకు తెలిసేది కాదు. అటువంటి స్థితిలో వెనుక పట్టీ ఉన్న చెప్పులు లేదా బూట్లు వేసుకోవాలి, మడమలెత్తి నిలబడే వ్యాయామాన్ని గోడ పట్టుకునే చేయాలి, కళ్లు మూసుకుని నిలబడే ఆసనాల జోలికి పోకూడదు.

పొట్టకు ఆపరేషన్ జరిగినవారు సర్జన్ అనుమతించేదాకా బరువులెత్తకూడదు. కుట్లు పైకి మానినట్టు కనిపించినా లోపలి పొరలు బలపడడానికి వారాలు పడుతుంది, తొందరపడితే హెర్నియా (కుట్టు దగ్గర లోపలి పేగు బయటికి ఉబకడం) రావచ్చు. పొట్ట తగ్గిస్తామంటూ ఫోన్లలో తిరిగే వీడియోలు వీరికోసం చేసినవి కావు. మంచం దిగేటప్పుడు కూడా పక్కకు తిరిగి, చేతి ఆసరాతో లేవడమే మేలు.

జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరినా, ఛాతీలో నొప్పి గానీ అలవాటు లేని ఆయాసం గానీ వచ్చినా, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టినా వ్యాయామాన్ని ఆపి, వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఒంటికాలి వాపు రక్తం గడ్డ కట్టడం వల్ల కావచ్చు కనుక ఆ కాలికి మాలిష్ చేయకూడదు. ప్లేట్‌లెట్లు, హీమోగ్లోబిన్ బాగా పడిపోయినప్పుడు ఎంతవరకు చేయవచ్చో ప్రతి కీమోకు ముందు వచ్చే రక్తపరీక్ష ఫలితం చూపించి వైద్యుణ్ణి అడిగితే, ఆ విడతకు సరిపడే పట్టికను అక్కడికక్కడే రాసుకోవచ్చు.