రిపోర్టు ఉంది సరే, అది ఏ ప్రశ్నకు జవాబు?

జాతికుక్క పిల్లల్ని అమ్మేవాళ్ల నోట తరచుగా వినబడే మాట: "తల్లికీ తండ్రికీ అన్ని టెస్టులూ అయ్యాయండీ." కాగితాలు చూపించమంటే చాలాసార్లు బయటికొచ్చేది టీకాల కార్డు, నట్టల మందు వేసిన తేదీలు, ఆరోగ్యంగా ఉందని డాక్టరు రాసిచ్చిన చీటీ. అవన్నీ కావలసినవే. కాకపోతే అవి కుక్క ఈ పూట ఎలా ఉందో చెప్తాయి గానీ, దాని పిల్లలకు ఏం దిగుతుందో చెప్పవు. జత కట్టించే ముందు, పిల్లలకు జబ్బు దిగుతుందేమో చూడటానికి చేయించే పరీక్షలు వేరు: తుంటి ఎక్స్-రే, డీఎన్‌ఏ, కళ్లు, గుండె లాంటివి.

ఈ పరీక్షలు తప్పనిసరి అంటాం గానీ, ఆ మాటలోనూ రెండు మెట్లున్నాయి. పరీక్ష చేయించడం ఒక మెట్టు. ఫలితం ఎలా వచ్చినా రికార్డుకెక్కించడం రెండో మెట్టు. ఈ రెండోది లేకపోతే మొత్తం లెక్కే తప్పుతుంది. తొడ ఎముక బంతి తుంటి గిన్నెలో సరిగ్గా కూర్చోని జబ్బు కోసం తీసేది తుంటి ఎక్స్-రే. అది తీసిన డాక్టరుకు బాగుందో లేదో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది. బాగోలేని ఫిల్మును గ్రేడింగుకు, అంటే మార్కు వేసే నిపుణులకు, పంపకుండా ఆపేస్తే ఫీజూ మిగులుతుంది, పరువూ మిగులుతుంది. జాతి మొత్తానికి మాత్రం మంచి తుంటులే ఉన్నట్టు పట్టిక తయారవుతుంది. అమెరికాలో 1966లో మొదలైన, కుక్కల తుంటి ఫలితాలకు గ్రేడు వేసి నమోదు చేసే ఓఎఫ్‌ఏ అనే సంస్థ పద్ధతిలో మంచి ఫలితాలు వాటంతటవే బయటికొస్తాయి, చెడ్డవి యజమాని ఒప్పుకుంటేనే వస్తాయి. అలాంటి చోట ఒక కుక్క పేరు కనబడకపోతే, పరీక్షే జరగలేదా, జరిగి దాచారా అన్నది తేలదు. నేనైతే ఆ ఖాళీని చెడ్డ ఫలితంగానే చదవమంటాను.

తుంటి ఎక్స్-రే గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. కుక్కకు గట్టిగా మత్తిచ్చి వెల్లకిలా పడుకోబెడతారు. వెనక కాళ్లు రెండూ సమాంతరంగా చాపి, మోకాటి చిప్ప తొడ ఎముక నడిమధ్యకు వచ్చేదాకా లోపలికి తిప్పి పట్టాలి. ఫిల్ము వచ్చాక ముందు చూడాల్సింది కీలును కాదు, కటి ఎముకను. దాని రెండు రెక్కల వెడల్పూ సమానంగా ఉందా, కింద ఉన్న రెండు రంధ్రాలూ ఒకే సైజులో కనబడుతున్నాయా? ఒకటి పెద్దదిగా, ఒకటి చిన్నదిగా ఉంటే ఒళ్లు ఒక పక్కకు ఒరిగిందన్నమాట. అప్పుడు ఒక పక్క కీలు గిన్నె లోతుగానూ, రెండోది లోతు తక్కువగానూ కనిపిస్తుంది. మంచి కుక్కకు చెడ్డ మార్కు, చెడ్డదానికి మంచి మార్కు పడేది ఇలాగే. అలాంటి ఫిల్మును మళ్లీ తీయించాల్సిందే. మత్తు వద్దని పట్టుబట్టినా నష్టమే. మెలకువగా ఉన్న కుక్క కండరాలు బిగబట్టి బంతిని గిన్నెలోకి లాగి ఉంచుతాయి, వదులుతనం బయటపడదు.

మైక్రోచిప్పును టేబుల్ దగ్గరే స్కాన్ చేసి, ఆ నంబరూ తేదీ ఎక్స్-రే తీసేటప్పుడే బొమ్మలో పడేలా చూడండి. ఎడమ, కుడి గుర్తు కూడా. తర్వాత పెన్నుతో రాసినదాన్ని గ్రేడింగు వాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. ఆడకుక్క విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. ఎదకు మూడు నాలుగు వారాలు అటూ ఇటూ, అలాగే పిల్లలు పాలు మానిన మూడు నాలుగు వారాలదాకా తీయించవద్దు. ఆ రోజుల్లో హార్మోన్ల వల్ల కీళ్లు మామూలు కంటే వదులుగా ఉండవచ్చు.

వయసు ఒక్కో పద్ధతిలో ఒక్కోలా ఉంటుంది. ఓఎఫ్‌ఏ తుది గ్రేడుకు 24 నెలలు నిండాలి. ఎఫ్‌సీఐ (అంతర్జాతీయ కెన్నెల్ క్లబ్బుల సమాఖ్య) పద్ధతిలో 12 నెలలు, భారీ జాతులకు 18. కీలు వదులుతనాన్ని కొలిచే పెన్‌హిప్‌ను 16 వారాల పిల్లకే చేయొచ్చు. బ్రిటన్ పద్ధతిలో ఒక్కో తుంటికి 0 నుంచి 53 దాకా, రెండూ కలిపి 106 దాకా మార్కులు వేస్తారు, ఎంత తక్కువైతే అంత మంచిది. ఇక్కడ మొత్తం చూసి మోసపోవద్దు. 14 అంటే 7, 7 కావచ్చు, 2, 12 కూడా కావచ్చు. రెండో కుక్కకు ఒక పక్క కీలు నిజంగానే బాగోలేదు. ఇంకో మాట. తుంటి జబ్బు ఒక్క జన్యువుతో వచ్చేది కాదు, అనేకం కలిసి తెచ్చేది. దానికి తిండి, బరువు తోడవుతాయి. అందుకే తల్లిదండ్రులు ఇద్దరూ మంచి గ్రేడే అయినా పిల్లల్లో కొన్నింటికి రావచ్చు. జత కట్టించబోయే మగకుక్క తోబుట్టువుల ఫలితాలు, ముందు ఈతల్లో పుట్టిన పిల్లల ఫలితాలు అడిగితే, దాని సొంత ఎక్స్-రే చెప్పనిది చాలా తెలుస్తుంది.

డీఎన్‌ఏ పరీక్షలు ఇందుకు పూర్తిగా భిన్నం. లాబ్రడార్లలో చూపు పోగొట్టే పీఆర్‌సీడీ-పీఆర్‌ఏ, పరిగెత్తితే కూలబడేలా చేసే ఈఐసీ లాంటివాటికి చెడిన జన్యువు రెండు కాపీలూ ఉంటేనే జబ్బు. ఒకటే ఉంటే క్యారియర్, దానికి ఏమీ కాదు. చెడిన కాపీ ఒక్కటీ లేనిది క్లియర్. క్యారియర్‌ను క్లియర్‌తో జత కట్టిస్తే జబ్బు పిల్ల పుట్టదు. సగటున సగం పిల్లలు క్యారియర్లవుతాయి, అంతే. క్యారియర్లన్నిటినీ పెంపకం నుంచి తీసేయాలనే పట్టుదల నాకు నచ్చదు. చిన్న జాతిలో అలా చేస్తే రక్తం ఇరుకైపోయి, ఇంకా పేరు పెట్టని జబ్బులు పైకి తేలతాయి. ఇక రెండు క్యారియర్లను కలిపి "మా ఈతలో ఎవరికీ ఏమీ రాలేదు" అనేవాళ్లుంటారు. ఒక్కో పిల్లకు జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. ఎనిమిది పిల్లల ఈతలో ఒక్కదానికీ రాకపోయే అవకాశం పదింట ఒకటి దాకా ఉంటుంది. అది అదృష్టం, రుజువు కాదు.

డీఎన్‌ఏ పరీక్షకు బుగ్గ లోపలి నుంచి స్వాబ్ (దూది పుల్లతో నమూనా) తీసేటప్పుడు పాలు తాగే పిల్లల్ని కనీసం గంట ముందు తల్లి నుంచి వేరు చేయాలి. లేకపోతే పాలతో పాటు తల్లి కణాలూ అంటుకుంటాయి, రిపోర్టు ఎవరిదో తెలియదు. కవరు మీద పేరూ చిప్ నంబరూ ముందే రాసుకుని, ఒకసారికి ఒక్క కుక్కనే పట్టుకోవాలి. స్వాబ్‌ను గాలికి పూర్తిగా ఆరనిచ్చాకే కవర్లో పెట్టండి, తడిగా మూస్తే బూజు పట్టి డీఎన్‌ఏ పాడవుతుంది. "తల్లిదండ్రులు క్లియర్ కాబట్టి ఇదీ క్లియర్" అని తరాల తరబడి సాగదీయడం కూడా ప్రమాదమే. మధ్యలో ఎక్కడో తండ్రి పేరు తప్పు పడి ఉంటే ఆ గొలుసంతా తప్పే.

కళ్ల పరీక్ష ఒకసారితో తీరేది కాదు, శుక్లాలు ఆలస్యంగా వస్తాయి కనుక ఏటా చేయించాలి. గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) కోసం గోనియోస్కోపీ, అంటే కంట్లో ద్రవం బయటికిపోయే కోణాన్ని చూసే పరీక్ష, ఉంటే కంటిపాపను పెద్దది చేసే చుక్కలకు ముందే జరగాలి. కోలీ జాతిలో మాత్రం పిల్లల్ని 6 నుంచి 8 వారాల్లోపు చూపించాలి, ఆ తర్వాత రంగు కమ్మి లోపల ఉన్న లోపం కనబడకుండా పోతుంది.

గుండె ఇంకా మొండిది. డోబర్‌మన్‌లో గుండె కండరం బలహీనపడే జబ్బు మొదలైనా, స్టెతస్కోపుతో అంతా మామూలుగానే వినిపించవచ్చు. అందుకే మూడేళ్ల నుంచి ఏటా ఎకోతో (గుండె స్కాన్‌తో) పాటు 24 గంటల హోల్టర్, అంటే ఒంటికి కట్టి గుండె లయను రికార్డు చేసే యంత్రం, కూడా పెట్టించాలి. గుండె కింది గదుల నుంచి లయ తప్పి ముందుగానే వచ్చే కొట్టుకోళ్లు రోజులో 300కు మించి ఉంటే ఆ జబ్బు ఉన్నట్టే లెక్క. దీనికి డీఎన్‌ఏ పరీక్షలున్నాయి గానీ అవి హోల్టర్‌కు బదులు కావు. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, బుల్‌డాగ్‌లకు శ్వాస పరీక్షలో మూడు నిమిషాలు పరుగు నడక నడిపించి, ముందూ తర్వాతా గొంతు దగ్గర విని 0 నుంచి 3 దాకా గ్రేడు వేస్తారు. 3 వస్తే జత కట్టించకూడదు. గురక "ఈ జాతికి మామూలే" అనే మాట వినబడేది ఇక్కడే.

పరీక్ష చేతులెత్తేసే చోటు కూడా ఒకటుంది. డాల్మేషియన్లలో మూత్రంలో యూరిక్ యాసిడ్ పెరిగి రాళ్లకు దారితీసే జన్యులోపం జాతి మొత్తానికీ పాకిపోయింది. అన్ని కుక్కల ఫలితమూ ఒకటే అయినప్పుడు ఏరుకోవడానికేముంటుంది? 1973లో అమెరికాలో రాబర్ట్ షైబుల్ అనే జన్యుశాస్త్రవేత్త డాల్మేషియన్‌ను పాయింటర్ అనే వేరే జాతి కుక్కతో ఒక్కసారి జత కట్టించి, ఆ తర్వాత ప్రతి తరాన్నీ తిరిగి డాల్మేషియన్లతోనే కలుపుతూ వచ్చారు. మామూలు జన్యువు ఆ దారిలో జాతిలోకి వచ్చింది. అయినా జాతికుక్కల్ని నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఆ వంశానికి పూర్తిగా తలుపు తీయడానికి 2011 దాకా పట్టింది. మామూలు కాపీ ఒక్కటున్నా యూరిక్ యాసిడ్ అదుపులో ఉంటుంది. అలా ఒక్క కాపీ ఉన్న కుక్కను పాత వంశపు డాల్మేషియన్‌తో కలిపితే సగటున సగం పిల్లలకే అది దిగుతుంది, కాబట్టి ఈతలో ప్రతి పిల్లకూ విడిగా స్వాబ్ తీయాల్సిందే.