పూటకో మనసు

నాకు మొదట డిప్రెషన్ అన్నారు. రెండేళ్లకు మరో డాక్టరు గారు బైపోలార్ అని, అంటే కొన్నాళ్లు విపరీతమైన హుషారు, కొన్నాళ్లు కుంగుబాటు ఉండే జబ్బని, లిథియం మాత్రలు రాశారు. చేతులు వణికేవి, రక్తపరీక్షలకు తిరిగేదాన్ని. అయినా తమ్ముడు ఫోన్ ఎత్తకపోతే చాలు, నాకిక ఎవరూ లేరనిపించి నన్ను నేనే గాయపరుచుకునేదాన్ని. ఒక ఆసుపత్రిలో కట్టు కడుతూ "ఈ కేసు ఇంతే" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మంటే.

గుంటూరులో చూపించుకున్న డాక్టరమ్మ ఈ వారం సంగతి కాదు, "పదో తరగతిలో ఎలా ఉండేదానివమ్మా?" అని అడిగారు. అమ్మనూ పిలిపించారు.

"చిన్నప్పట్నుంచీ మొండిదండీ. పొద్దున అలిగితే మధ్యాహ్నానికి మామూలైపోయేది" అంది అమ్మ.

"రోజుల తరబడి నిద్ర లేకుండా హుషారుగా తిరిగేదా?"

"అబ్బే, ఎప్పుడూ లేదండీ."

బైపోలార్‌లో ఆ హుషారు కనీసం 4 రోజులైనా సాగాలట. నా మనసు గంటల్లో మారేది, అదీ ఎవరో వదిలేస్తారన్న భయంతో. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అన్నారు, అంటే మనసూ బంధాలూ నిలకడగా ఉండని వ్యక్తిత్వ రుగ్మత. జనానికి దూరంగా ఉండటం, ప్రతిదానికీ ఒకరి మీద ఆధారపడటం అనే మరో రెండు రకాలు కూడా కనిపిస్తున్నాయన్నారు.

"మూడు జబ్బులా నాకు?" అని ఏడ్చేశాను.

ఆవిడ ఓపిగ్గా చెప్పారు. మానసిక జబ్బుల్ని గుర్తించడానికి అమెరికా సైకియాట్రిస్టులు రాసుకున్న పుస్తకం డీఎస్‌ఎం-5లో వ్యక్తిత్వ రుగ్మతలు 10 రకాలు. ఒకటి ఉన్నవాళ్లలో ఇంకోటి కనిపించడం మామూలే. బోర్డర్‌లైన్‌కు 9 లక్షణాల్లో 5 ఉంటే చాలు. లెక్కేస్తే 256 కలయికలు! ఆ పేరున్న ఇద్దరికి ఒక్క లక్షణమే ఉమ్మడిగా ఉండొచ్చు. అందుకే 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 ఆ విడివిడి రకాల్ని తీసేసి, ముందు తీవ్రత చూడమంది. బోర్డర్‌లైన్ ధోరణి ఉంటే దాన్ని పక్కన రాసుకోవచ్చు. నాది మధ్యస్థం అన్నారు. మూడు పేర్ల కంటే ఆ ఒక్క మాటే నాకు అర్థమైంది.

డిప్రెషన్ తగ్గాక మళ్లీ అవే ప్రశ్నలు అడిగారు. ఆధారపడే గుణం చాలావరకు కనిపించలేదు. మనిషి కుంగి ఉన్నప్పుడు ఎవరైనా ఎవరినో పట్టుకుని వేలాడతారు కదా! అప్పటి మనిషిని చూసి ఇదే నీ స్వభావమని రాసేయడం అన్యాయం.

లిథియం మెల్లగా ఆపారు. వారం వారం డీబీటీకి, అంటే ఉద్వేగాల్ని అదుపు చేసుకోవడం నేర్పే చికిత్సకు, వెళ్తున్నాను. దాన్ని రూపొందించిన మార్షా లైన్‌హన్ తానూ చిన్న వయసులో మానసిక ఆసుపత్రిలో రోగిగా ఉన్నానని 2011లో బయటపెట్టారని తెలిసి, ఆ రాత్రి చాలాసేపు మేలుకునే ఉన్నాను.

మొన్న తమ్ముడు ఫోన్ ఎత్తలేదు. చల్లటి నీళ్లతో ముఖం కడుక్కుని, బియ్యం కడిగి కుక్కర్ పెట్టాను. ఒకప్పుడు నలభైసార్లు ఫోన్ చేసేదాన్ని. ఈసారి నాలుగుసార్లు చేసి ఆగాను.