లోడు ఎవరి చేతిలో పెడుతున్నాం

"బేటీ, నీ కంటికి నేను దొంగలా కనిపిస్తున్నానా?"

మా గోదాము కిటికీ అద్దం అవతల నిలబడి హిందీలో అడిగాడు ఆ పెద్దాయన, లోడు తీసుకెళ్ళడానికి వచ్చిన ట్రక్కు డ్రైవరు. తెల్లగడ్డం, నీలం తలపాగా, చేతిలో పికప్ నంబరు, అంటే ఆ లోడు గుర్తు నంబరు, రాసుకున్న కాగితం. లైసెన్సు అడిగాను, ఇచ్చాడు. ట్రక్కు తలుపు మీది కంపెనీ పేరు, డాట్ నంబరు (రవాణా శాఖ కంపెనీకి ఇచ్చే గుర్తింపు నంబరు) ఫొటో తీసుకున్నాను, ఊరుకున్నాడు. "మీ ఆఫీసుకి ఒకసారి ఫోన్ చేసి కనుక్కుని, అప్పుడు లోడింగ్ డోరు ఇస్తాను అంకుల్‌జీ" అన్నాక మాత్రం ఇక పట్టలేకపోయాడు. ఇన్నేళ్ళ సర్వీసులో తన పేరు మీద మచ్చ లేదన్నాడు. తెల్లవాళ్ళు అడిగితే సరేలే అనుకుంటాను, మన దేశపు పిల్లవి, నువ్వు కూడా ఇలా నిలబెట్టి అడుగుతావా అన్నాడు.

ఆ పూటంతా ఏ పని చేస్తున్నా ఆ మాటే చెవిలో తిరిగింది. నేను చేసింది సరైన పనే. ఇవాళ వచ్చినా అదే చేస్తాను. మరి అంత బాధెందుకు కలిగిందో నాకు నేను చెప్పుకోవాలి కదా, అందుకే ఇది రాస్తున్నాను.

డాలస్‌కి దక్షిణాన, ఐ-45 రోడ్డు పక్కన గోదాములు బారులు తీరి ఉంటాయి. అందులో ఒక దాంట్లో షిప్పింగ్ చూస్తాను. మా సరుకులో ఎక్కువ భాగం రాగి కేబుల్ చుట్టలు. ట్రైలర్ నిండా వేస్తే లక్ష డాలర్లు దాటుతుంది. తోలు ఒలిచి కరిగించారంటే అది ఎవరి సరుకో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. అందుకే దొంగల కన్ను దానిమీద ఎప్పుడూ ఉంటుంది. అమెరికాలో సరుకు దొంగతనాలు ఎక్కువగా జరిగే రాష్ట్రాల పేర్లు చెప్పమంటే కాలిఫోర్నియా తర్వాత టెక్సాస్ పేరే వస్తుంది.

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగా చేసేవాడు. సీజన్‌లో ఆ ఘాటుకి తుమ్ముకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ అన్నం క్యారేజీ పట్టుకుని వెళ్ళేదాన్ని. ఢిల్లీకి వెళ్ళే తేజ రకం మిర్చి టిక్కీలు (బస్తాలు) లారీకి ఎక్కుతుంటే నాన్న పక్కనే నిలబడి లెక్క వేసేవాడు. లారీ బ్రోకరు పంపిన డ్రైవరు వచ్చాడంటే ముందు కుర్చీ వేయించేవాడు. టీ వచ్చేది. ఏ ఊరు, పిల్లలేం చదువుతున్నారు, మొన్న వానకి నాగ్‌పూర్ రోడ్డు ఎలా ఉంది, అన్నీ అడిగేవాడు. టీ గ్లాసు కింద పెట్టాక, "ఏదీ నాయనా, ఒకసారి ఆర్సీ, లైసెన్సు ఇలా ఇవ్వు" అనేవాడు. అవి రాసుకుని, ఓనరుకి ఫోన్ కొట్టి, "బాబాయ్, మీ బండి మా కొట్టు ముందే ఉంది, డ్రైవరు ఫలానా అతనేనా?" అని అడిగేవాడు. అప్పుడు గాని కిరాయి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు కాదు.

అంటే నాన్న కూడా అడిగేవాడు. నేనడిగేవన్నీ ఆయనా అడిగేవాడు. ఒక్క డ్రైవరు కూడా ఆయన్ని 'నన్ను దొంగనంటారా' అని నిలదీయలేదు.

ఇక్కడ డ్రైవరు పరిస్థితి వేరు. ఆ పెద్దాయన మా గేటులోకి వచ్చింది పొద్దున. ముందున్న లోడు ఆలస్యమై, రెండు గంటలకు పైగా పార్కింగులో కూర్చున్నాడు. డ్యూటీ మొదలుపెట్టిన దగ్గర్నుంచి డ్రైవరుకి గడువు 14 గంటలు, అందులో నడపగలిగింది 11 గంటలే. క్యాబిన్‌లో ఎలక్ట్రానిక్ లాగ్ గడియారం తిరుగుతూనే ఉంటుంది, మా డాక్ (సరుకు ఎక్కించే గట్టు) దగ్గర ఆగినా సరే. చాలామందికి జీతం మైళ్ళ లెక్కన వస్తుంది కాబట్టి ఆగినంతసేపూ చేతికి పైసా రాదు. రెండు గంటలు దాటాక డిటెన్షన్, అంటే ఆపి ఉంచినందుకు ఇచ్చే డబ్బు, అని కాగితం మీద ఉంటుంది గానీ, అది వసూలు చేసుకోవడం ఇంకో యుద్ధం. ఆపైన మా ఆఫీసులోకి డ్రైవర్లకి ప్రవేశం లేదు. అప్పటికి బాత్రూమ్ కూడా వాడుకోనిచ్చేవారు కాదు. అద్దం, కింద చిన్న కంత, అందులోంచి కాగితాలు. అంతసేపు అలా నిలబెట్టి, ఆఖర్న 'మీరు మీరేనా' అని అడిగితే ఎవరికైనా కడుపు మండుతుంది.

కానీ అడగకుండా ఎలా? ఒకప్పుడు దొంగ అంటే రాత్రిపూట కట్టర్‌తో తాళం కోసేవాడు. ఇప్పటి దొంగ పట్టపగలు పికప్ నంబరుతో సహా గేటు దగ్గరికి వస్తాడు. మనమే ఫోర్క్‌లిఫ్టుతో లోడు చేసి, సంతకం పెట్టించుకుని, దారిలో జాగ్రత్త అని చెప్పి పంపిస్తాం. అతను వాడేది నిజమైన కంపెనీ పేరే, నిజమైన డాట్ నంబరే. ఏళ్ళ తరబడి మంచి పేరుతో నడుస్తున్న చిన్న కంపెనీని ఎంచుకుంటారు. ఒక్క అక్షరం తేడాతో ఈమెయిలు తెరుస్తారు, ఇన్సూరెన్స్ సర్టిఫికెట్‌లో ఫోన్ నంబరు మారుస్తారు, ఆ పేరు మీద లోడు పట్టుకుంటారు. ఇంకో పద్ధతి డబుల్ బ్రోకరింగ్. లోడు తీసుకున్నవాడు తను మోయకుండా, మనకి చెప్పకుండా ఇంకొకడికి తిప్పేస్తాడు. వచ్చిన డ్రైవరు పాపం మంచివాడే అయివుంటాడు. ఎక్కడ దింపమంటే అక్కడ దింపి వెళ్ళిపోతాడు. తను దొంగసరుకు మోశానని అతనికే తెలియదు.

2024 నవంబరులో మా రాష్ట్రంలోని లరెడో సరిహద్దు నుంచి పెన్సిల్వేనియా వెళ్ళాల్సిన రెండు ట్రక్కుల టెకీలా (మెక్సికో మద్యం) ఇలాగే మాయమైంది. 24,000 సీసాలు. టీవీ వంటల షెఫ్ గై ఫియరీ, గాయకుడు శామీ హేగర్ కలిసి పెట్టిన బ్రాండు అది. బండి చెడిపోయిందని కబుర్లు వచ్చాయి, జీపీఎస్‌లో ట్రక్కు దారిలోనే ఉన్నట్టు కనబడింది. అసలు సరుకు కాలిఫోర్నియా వైపు వెళ్ళిపోయింది. అంత పేరున్నవాళ్ళకే అలా జరిగింది. మ్యాప్ మీద చుక్క కదులుతోంది కదా అని నేను నిశ్చింతగా ఎలా కూర్చోగలను?

అందుకే నేను ఫోన్ చేస్తాను. ఈమెయిల్లో ఉన్న నంబరుకి మాత్రం చేయను. దానికి చేస్తే ఎత్తేది దొంగే. ట్రక్కు కంపెనీలని చూసే ప్రభుత్వ సంస్థ, ఫెడరల్ మోటార్ క్యారియర్ సంస్థ వాళ్ళ సేఫర్ వెబ్‌సైట్‌లో డాట్ నంబరు కొడితే ఎవరికైనా ఉచితంగా వివరాలు వస్తాయి. ఎన్ని ట్రక్కులు, ఎంతమంది డ్రైవర్లు, తనిఖీల్లో ఎన్నిసార్లు బండి ఆపేశారు, ప్రమాదాలేమైనా ఉన్నాయా, రికార్డులో ఉన్న ఫోన్ నంబరు ఏది, అన్నీ. పాత కంపెనీకి మొన్ననే ఫోను, ఈమెయిలు, అడ్రసు అన్నీ మారాయంటే నాకు అనుమానమే. ఒక్క ట్రక్కు రికార్డులో ఉన్నవాడు ఒకేరోజు వేర్వేరు రాష్ట్రాల్లో లోడ్లు అడుగుతున్నాడంటే అనుమానమే. అందరికంటే బాగా తక్కువకి వస్తానన్నవాడి మీదైతే మరీను. డీజిలు అందరికీ ఒకటే రేటు కదా, ఇతనికి మాత్రం ఎలా గిట్టుతుంది?

ఆరోజు సేఫర్‌లోని నంబరుకి చేస్తే ఆ పెద్దాయన కోడలు ఎత్తింది. కాలిఫోర్నియాలో ఇంట్లోంచే ఆఫీసు నడుపుతోంది. అవునండీ, ఆయన మా మామగారే, ట్రక్కు నంబరు ఇది, ట్రైలర్ నంబరు ఇది అని టకటకా చెప్పింది. అక్కడితో ఊరుకోలేదు. ఆమధ్య ఎవరో వాళ్ళ కంపెనీ పేరు పెట్టుకుని లోడు ఎత్తుకుపోయారట. పోలీసులు ముందు వీళ్ళకే ఫోన్ చేశారట. ఆ తర్వాత కొన్నాళ్ళు బ్రోకర్లెవరూ లోడు ఇవ్వలేదు. "ఆ పికప్ దగ్గర మీలాగా ఎవరో ఒకరు మాకు ఫోన్ చేసి ఉంటే బాగుండేది దీదీ" అంది. ఆ మాట నా నోటితో పెద్దాయనకి చెప్పబోయి మానేశాను. ఆయనకి తెలియని సంగతి కాదు. ఎవడో తన పేరు దొంగిలిస్తే, తన పేరు చెప్పుకున్నందుకు తనే సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తోంది, ఆయన కోపమంతా అది.

ఇన్సూరెన్స్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చిన్న వ్యాపారాలు చేసే మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది దీంట్లోనే. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో మాకు తెలిసినాయన ఒకరు ఇండియా నుంచి బియ్యం, పచ్చళ్ళు, పొడులు కంటెయినర్లలో తెప్పించి కొట్లకి వేస్తుంటారు. హ్యూస్టన్ పోర్టు నుంచి వచ్చిన సరుకులో కొంత ఒక క్యారియర్, అంటే ట్రక్కుల కంపెనీ, చేత అట్లాంటా పంపాలి. "క్యారియర్‌కి ఏడున్నర లక్షల ఇన్సూరెన్స్ ఉందమ్మా, భయమేముంది" అన్నారు. ఆ 7,50,000 డాలర్లు చట్టం ప్రకారం ఉండాల్సిన లయబిలిటీ. రోడ్డు మీద ఇంకొకరికి దెబ్బ తగిలితే ఇచ్చేది. మీ బియ్యం బస్తాకి దాంట్లోంచి డాలరు రాదు. మామూలు సరుకు మోసేవాళ్ళకి కార్గో ఇన్సూరెన్స్ ఉండి తీరాలన్న ఫెడరల్ నిబంధన 2011లోనే తీసేశారు. చాలామంది లక్ష డాలర్లకి తీసుకుంటారు, అది బ్రోకర్లు అడుగుతారు కాబట్టి. అందులో కూడా మినహాయింపులుంటాయి. మనిషి లేకుండా వదిలేసిన ట్రైలర్ పోతే వర్తించదని రాసి ఉండొచ్చు, ఫలానా ట్రక్కుకే వర్తిస్తుందని ఉండొచ్చు. సర్టిఫికెట్ క్యారియర్ పంపింది నమ్మొద్దని, ఇన్సూరెన్స్ ఏజెంటు దగ్గర్నుంచే నేరుగా తెప్పించుకోమని చెప్పాను. "మనవాళ్ళే పంపించారు, పర్లేదులే అమ్మా" అన్నారు. ఎవరు మనవాళ్ళు? వాట్సాప్ గ్రూపులో ఒక పేరు. నాన్న 'మనవాడు' అన్నాడంటే ఆ లారీ ఓనరు ఇంట్లో పెళ్ళికి వెళ్ళి భోంచేసి వచ్చినవాడన్నమాట. మనం ఇక్కడికి ఆ మాటొక్కటి మోసుకొచ్చాం గానీ దాని వెనకున్న పరిచయాన్ని తెచ్చుకోలేదు కదా.

పోయిన సరుక్కి క్యారియరే బాధ్యుడనే చట్టం ఇక్కడ 1906 నుంచి ఉంది, కార్మాక్ అంటారు. మన దగ్గర బిల్టీ (లారీ రసీదు) మీద 'ఓనర్స్ రిస్క్', అంటే పోతే నష్టం సరుకు యజమానిదే, అని అచ్చేసి చేతులు దులుపుకునేవాళ్ళతో పోలిస్తే ఇది మేలే, ఒప్పుకుంటాను. కానీ చట్టం పట్టుకునేది ఉన్నవాడిని. దొంగపేరుతో వచ్చి పోయినవాడి మీద ఏ కోర్టులో వేస్తాం?

పెద్దాయన లోడు అయ్యాక నేనే డాక్ మీదికి వెళ్ళాను. చుట్టలు దొర్లకుండా చెక్క దిమ్మెలు కొట్టి, పట్టీలు బిగించారు. తలుపులు మూశాక బోల్ట్ సీలు వేశాను. వేలెడంత ఉక్కు మేకు, దానికి చిన్న డిప్ప, రెండూ కలిపి నొక్కితే టక్కుమంటుంది. ఇక కట్టర్ లేనిదే రాదు. దానిమీద నంబరు బిల్లు ఆఫ్ లేడింగ్ (సరుకు అప్పగింత పత్రం) మీద రాశాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని వంగి ఒక్కో అంకె వేలితో తడిమి చూసి, తర్వాతే సంతకం పెట్టాడు. సీలుని ఒకసారి లాగి కూడా చూశాడు. తన ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. నేనతన్ని ఎంత తనిఖీ చేశానో ఆయన నన్నూ అంత తనిఖీ చేశాడు. నాకెంత ముచ్చటేసిందో చెప్పలేను. ఒహాయోలో దింపేచోట సీలు తనే తెంపకూడదని, వాళ్ళే నంబరు సరిచూసి తెంపాలని నేను చెప్పబోతుంటే, "మాలూమ్ హై" అని చెయ్యి ఊపాడు. కడుపు నిండా తిని, ట్యాంకు నింపుకునే వచ్చానని, మొదటి 200 మైళ్ళు ఎక్కడా ఆగనని కూడా ఆయనే చెప్పాడు. గోదాము దగ్గర్నుంచి వెంటపడే దొంగలు మొదటి ట్రక్ స్టాపులోనే కాచుకుంటారు, అందుకని ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళందరూ చెప్పుకునే లెక్క అది. మంచి డ్రైవరుకి మనం నేర్పేదేమీ ఉండదు.

ఇదంతా అన్నయ్యకి ఫోన్‌లో చెప్పాను. ఇప్పుడు గుంటూరులో కూడా ఎవరూ టీ ఇచ్చి కూర్చోబెట్టడం లేదులే, 2018లో ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లు (సరుకు రవాణా పత్రం) వచ్చాక బండి నంబరు అందులోకి ఎక్కిస్తే అయిపోయింది, అందరికీ తొందరే అన్నాడు. అయివుండొచ్చు. నాకు మాత్రం నాన్న కొట్టు ముందున్న ఆ కుర్చీయే గొప్ప. నేను పక్షపాతంతోనే మాట్లాడుతున్నాను, అయినా అదే అంటాను.

మా మేనేజరుకి రెండు కోరికలు రాసి ఇచ్చాను. డ్రైవర్లకి బాత్రూమ్, కూర్చోవడానికి నాలుగు కుర్చీలు. గేటులోకి రాగానే ముందు లోపల కూర్చోబెట్టి, వాళ్ళు కూర్చున్న ఆ సమయంలోనే లైసెన్సు, ఫోను, నంబర్లు అన్నీ సరిచూసుకుంటానని, దానివల్ల ఒక్క నిమిషం కూడా ఎక్కువ పట్టదని, ఒక్క తనిఖీ కూడా వదిలేది లేదని రాశాను. సెక్యూరిటీ వాళ్ళు అభ్యంతరం చెప్పారు. బయటివాళ్ళు లోపలికొస్తే ప్రమాదమన్నారు. లోడు మొత్తం చేతిలో పెట్టి పంపే మనిషికి కుర్చీ ఇస్తే ప్రమాదమేమిటని అడిగాను. గేటు పక్కనున్న బాత్రూమ్ తెరవడానికి ఒప్పుకున్నారు, పోయిన వారం నుంచి తెరిచే ఉంటోంది. కుర్చీల సంగతి వచ్చే నెల బడ్జెట్‌లో చూద్దామన్నారు. నేను మళ్ళీ అడుగుతాను.